అన్నమ్మ బండి

"కాదు పాపా, ఆ మాట కొట్టెయ్. ప్రమాదం అని రాసినావు సూడు, అది కొట్టెయ్. ఊర్లో అందరూ అట్లే అంటారు. ఆస్పత్రి చీటీలో కూడా అట్లే రాసినారు. మనం రాసేది అది కాదు. నేను మెల్లగా చెప్తా, నువ్వు తొందరపెట్టొద్దు. ఏమన్నా అడగాలంటే ఈ ఎడమ పక్కకు వచ్చి అడుగు, కుడి చెవి నాకు ఇనపడదు. నువ్వు టీచరమ్మవు, పుస్తకంలో ఉండే మాదిరి రాస్తానంటివి. అట్లే రాయి దీవెనా. మనుషులు మాట్లాడినవి మాత్రం వాండ్లు మాట్లాడినట్టే పెట్టు."

మీ పాలయ్య మామ పుట్టినప్పుడు ఏడవలేదు. జమ్మలమడుగు ఆస్పత్రిలో డాక్టరమ్మ వాడిని తలకిందులుగా పట్టుకుని వీపు మీద కొడితే చాలాసేపటికి ఒక చిన్న మూలుగు వచ్చింది. నాలుగేళ్ళకు నడిచాడు. ఏడేళ్ళకు నన్ను నాయనా అన్నాడు. బుద్ధి ఇంతకు మించి ఎదగదు, ప్రేమగా చూసుకోండి అని ఆ డాక్టరమ్మే చెప్పింది. వాడి వెనక మీ అమ్మ అన్నమ్మ పుట్టింది. మూడేళ్ళు చిన్నది. అదే వాడికి అన్నం తినడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పింది.

మన ఊరు ముద్దనూరు నుంచి ఎర్రగుంట్లకు పోయే రోడ్డు మీద, చిలమకూరుకు ఇవతల. ఇల్లు దాటితే రోడ్డే. పాలయ్య పొద్దస్తమానం ఆ రోడ్డు పక్కన నాపరాయి మీద కూర్చునేవాడు, రోడ్డుకు వీపు పెట్టి. అందరూ బండ్లను చూస్తారు. వాడు వినేవాడు. ప్రతి బండికీ ఒక మనిషి పేరు పెట్టుకున్నాడు. పొద్దున్నే వచ్చే పొద్దుటూరు బస్సు పాస్టరయ్య, ఎందుకంటే అది బయలుదేరే ముందు గొంతు సవరించుకుంటుంది. రాళ్ళ లారీ అవ్వ, ఎత్తు ఎక్కేటప్పుడు మూలుగుతుంది. అరమైలు దూరాన ఉండగానే చెప్పేవాడు. ఒక్కసారి కూడా తప్పు పోయింది లేదు.

ఇది తొంభై తొమ్మిదిలో, ఎన్నికల ముందు జరిగింది. మీ అమ్మకు అప్పటికే సింహాద్రిపురం దగ్గర సంబంధం చేశాం. నువ్వు చంకబిడ్డవు.

మన ఊరి రెడ్డికీ, మీ నాయన ఊరి పక్క ఆయనకూ పడదు. వాళ్ళ పేర్లు రాయొద్దు, ఇద్దరికీ పిల్లలు ఉన్నారు. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే పార్టీ. టికెట్టు దగ్గర విడిపోయారు. ఆ కొట్లాటల్లో మన వైపు ఇద్దరు చచ్చిపోయారు, వాళ్ళ వైపు ముగ్గురు. మేము ఎవరి పక్కా కాదనుకునేవాళ్ళం. ఊర్లో ఉన్నాక ఊరి రెడ్డి పక్కే అని తర్వాత తెలిసింది.

అవతలాయనకు ప్రతి బేస్తవారం పొద్దుటూరు కోర్టులో వాయిదా. మన ఇంటి ముందే పోయేవాడు. మూడు తెల్ల సుమోలు, మూడింటికీ నల్ల అద్దాలు, నంబర్లకు బురద పూసి ఉండేది. ఒకసారి ఆయన బండి ముందు, ఒకసారి నడుమ, ఒకసారి వెనక. ఆయన తన బండి తప్ప ఇంకోటి ఎక్కడని చెప్పుకునేవాళ్ళు. దాని తలుపుల్లో ఇనుప రేకులు పెట్టించాడట. అయితే మూడింట్లో అది ఏదో బయటివాళ్ళకు తెలియదు. ఆయన ప్రాణం అన్నాళ్ళు నిలిచింది ఆ ఏర్పాటుతోనే.

నేను రెడ్డి ఇంటికి పోయింది బస్సు పాసు కోసం. పాలయ్యకు వికలాంగుల పాసు వస్తుందని, ఎమ్మార్వో ఆఫీసులో పెద్దవాళ్ళ మాట కావాలని ఎవరో చెప్పారు. వాడికి తల దువ్వి, మంచి చొక్కా వేసి ఆదివారం ఆరాధన అయినాక తీసుకుపోయాను. రెడ్డి వసారాలో కూర్చుని శెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. చుట్టూ ఆరేడుగురు. రెడ్డికి కుడి భుజంలాంటి మద్దిలేటి జీపు బానెట్టు మీద కూర్చున్నాడు.

"ఏం దేవపాలూ, శానా దినాలకు వస్తివి."

"మావాని బస్సు పాసు సంగతి సామీ. మీరు ఒక మాట చెప్తే ఆఫీసులో రాసిస్తారంట."

"వీనికి పాసు ఎందుకురా? యాడికి పోతాడు?"

"యాడికీ పోడు సామీ. పొద్దుటూరు దాకా పోయి, దిగకుండా అదే బస్సులో వస్తాడు. బస్సులో కూచ్చుంటే చాలు వానికి."

"నాకంటే మేలు," అన్నాడు మద్దిలేటి. "నేను పొద్దుటూరు పోయేది వాయిదాకే."

అందరూ నవ్వారు. వాళ్ళలో ఒకడు పాలయ్య వైపు చూసి, "వానికి ఏం తెలుస్తాదిలే, పాపం" అన్నాడు.

ఇరవై మూడేళ్ళుగా ఆ పాపం అనే మాట విన్నాను. గుడిలో విన్నాను, బస్సులో విన్నాను, పెళ్ళిళ్ళలో విన్నాను. ఆ రోజు ఎందుకో ఓర్చుకోలేకపోయాను.

"తెలీకపోవడం ఏందప్పా," అన్నాను. "కండ్లకు గుడ్డ కట్టి, మన ఊర్లో యా బండైనా తోలండి. చప్పుడు విని చెప్తాడు."

వాళ్ళకు ఆట దొరికింది. తువ్వాలు కట్టారు. రెడ్డి దొడ్లో రెండు జీపులు, ఒక ట్రాక్టరు, ఒక అంబాసిడరు. ఒక్కొక్కటి స్టార్టు చేసి వాడి చుట్టూ తిప్పారు. రెండోసారి తిప్పినప్పుడు డ్రైవర్లు మారారు, బండ్ల వరస మార్చారు. వాడు ఒక్కటీ తప్పలేదు. చప్పట్లు కొట్టారు. రెడ్డి ఒలిచిన శెనక్కాయలు గుప్పెడు తీసి వాడి చేతిలో పోశాడు. నా కొడుకు నవ్వుతూ అందరికీ తలా ఒక గింజ పంచాడు.

అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. ఎవరూ నన్ను అడగలేదు. నా అంతట నేనే అన్నాను.

"మన బండ్లే కాదు సామీ. బేస్తవారం బేస్తవారం మూడు తెల్ల సుమోలు పోతాయి సూడండి, అవి కూడా ఇది ఫలానాది అని చెప్తాడు."

రెడ్డి చేతిలో ఒక శెనక్కాయ ఉంది. దాన్ని ఒలవకుండా అలాగే పట్టుకున్నాడు. మద్దిలేటి బానెట్టు మీద నుంచి దిగాడు.

"మూడూ ఒకటే మాదిరి ఉంటాయి గదరా," అన్నాడు రెడ్డి మెల్లగా.

"మనకు సామీ. వానికి కాదు."

ఆ మాట ఎంత గర్వంగా అన్నానో నాకు ఇప్పటికీ గుర్తుంది.

రెడ్డి పాలయ్యను దగ్గరకు పిలిచాడు. "వాటికి ఏం పేర్లు పెట్టినావురా?"

"గుర్రం," అన్నాడు పాలయ్య. "కోమటాయన. అన్నమ్మ."

"అన్నమ్మ ఎవరు?"

"నా కూతురు సామీ," అన్నాను నేను. "నవ్వే ముందర దానికి గొంతులో చిన్న ఎక్కిలి మాదిరి పడుతుంది. ఆ బండి గేరు మార్చేటప్పుడు అట్లే పడుతుందంట. అది పోతే వీడు రోడ్డెమ్మట పరిగెత్తుతాడు, చెల్లెలు వచ్చిందని."

ఈసారి ఎవరూ నవ్వలేదు. రెడ్డి లేచి లోపలికి పోతూ, "పాసు పని సూస్తాలే, పో" అన్నాడు.

బేస్తవారం పొద్దున మద్దిలేటి జీపు మన ఇంటి ముందు ఆగింది. పాలయ్యకు నీలం గళ్ళ కొత్త చొక్కా తెచ్చాడు. "పా మామా, వాన్ని పొద్దుటూరు తిప్పుకొస్తాం" అన్నాడు. కాదనే ధైర్యం నాకు లేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. రెడ్డి మనిషి మా ఇంటికి జీపు తెచ్చాడని లోపల కొంచెం సంతోషించాను కూడా.

కోర్టు వీధిలో టీ అంగడి ముందు కూర్చున్నాం. పాలయ్య ఎప్పటిలాగే వీధికి వీపు పెట్టాడు. మూడు సుమోలు వచ్చాయి. మూడోది వచ్చేటప్పుడు వాడు గ్లాసు కింద పెట్టి, "అన్నమ్మ" అన్నాడు. మూడో బండి తలుపు తెరుచుకుంది. అవతలాయన దిగి, కోర్టులోకి పోయాడు. మద్దిలేటి ఇంకో టీ చెప్పాడు.

పై వారం మళ్ళీ పోయాం. ఈసారి ముందు వచ్చిన బండికే అన్నమ్మ అన్నాడు. దాంట్లోంచే ఆయన దిగాడు.

వచ్చేటప్పుడు మన ఊరి మోరీ దగ్గర మద్దిలేటి జీపు నెమ్మది చేశాడు. వంక మీది ఆ చిన్న వంతెన దగ్గర రోడ్డు తిరుగుతుంది, ఏ బండైనా మెల్లగా పోవాల్సిందే. పక్కన గట్టు, గట్టు మీద కంప చెట్లు.

"వచ్చే బేస్తవారం పోలీసులు శానామంది ఉంటారు," అన్నాడు. "ఆ పై వారం. వాన్ని ఒక గంటసేపు నాకు ఇయ్యి మామా. మళ్ళా తెచ్చి నీ ఇంటికాడ వదిలిపెడతా."

"ఏం పనప్పా?"

"పనేముంది. ఆ గట్టు మీద కూచ్చోవాల. అన్నమ్మ వస్తే అన్నమ్మ అనాల. దినామూ చేసేదే గదా."

నేను వెనక్కి తిరిగి పాలయ్యను చూశాను. "వాడు చూసింది చూసినట్టు ఊరంతా చెప్తాడప్పా. దాచను తెలీదు వానికి."

"చెప్పనీలే. వాని మాట కోర్టులో చెల్లదు."

"అవతలోళ్ళు కోర్టుకు పోతారా అప్పా?"

మద్దిలేటి గేరు మార్చాడు. కొంతదూరం పోయినాక నా వైపు తిరిగాడు. "నీకు ఇంత తెలివుండాదని నాకు తెలీదు మామా," అన్నాడు. వెనక సీట్లో పాలయ్య జీపుతో పాటు గొంతు కలిపి పాడుకుంటున్నాడు.

వాడు గట్టు మీద నుంచి చూస్తుండగా బాంబులు పడతాయి. తన చెల్లెలు అనుకున్న బండి వాడి కళ్ళముందే కాలిపోతుంది. ఆ తర్వాత వాడి నోరు మూయించే పని అవతలివాళ్ళదో, మనవాళ్ళదో. ఎవరిదైనా నా కొడుకు మాత్రం మిగలడు. ఇంటికి పోయి మీ అవ్వ సరోజమ్మకు అంతా చెప్పాను. ఆమె శెనక్కాయ చేటను కింద పెట్టి, లేచి పోయి తలుపు గడియ వేసి వచ్చింది. నేను రెడ్డి ఇంట్లో అన్న మాట గురించి మాత్రం ఒక్కమాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పోలీసులకు ఎందుకు చెప్పలేదని నువ్వు అడుగుతావు. స్టేషన్లో చెప్పిన మాట నేను ఇల్లు చేరకముందే రెడ్డి ఇంటికి చేరేది. అవతలాయనకు చెబితే? తన బండిని చెవితో పట్టగలిగేవాడు ఒకడు ఉన్నాడని తెలిశాక ఆయన మాత్రం వాడిని ఎందుకు బతకనిస్తాడు.

ముందు వాడికే నేర్పబోయాను. నడుమ వచ్చిన బేస్తవారం వాడి పక్కన నేనూ రాయి మీద కూర్చున్నాను. "అన్నమ్మ బండి వస్తే పలకొద్దు నాయనా. గమ్మునుండాల" అని నోటి మీద వేలు పెట్టి చూపించాను. వాడు సరేనని రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. సుమోలు దూరాన ఉండగానే వాడి భుజాలు వణకడం మొదలయింది. దగ్గరకు వచ్చేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అంత బిగపట్టాడు. రెండో బండి మా ముందుకు వచ్చింది. చేతులు తీసేసి, "అన్నమ్మ, అన్నమ్మ" అని రోడ్డెమ్మట పరిగెత్తాడు. రోడ్డు అవతల టీ తాగుతున్న మద్దిలేటి మనిషి నన్నే చూస్తున్నాడు.

మర్నాడు ఒక మూట కట్టుకుని ముగ్గురం ఎర్రగుంట్ల స్టేషనుకు పోయాం, గుంతకల్లు రైలు కోసం. ప్లాట్‌ఫారం మీద కూర్చుని పావుగంట కాలేదు. మద్దిలేటి నడుచుకుంటూ వచ్చాడు. పాలయ్యకు బిస్కెట్ల పొట్లం కొనిపెట్టాడు.

"యాడికి మామా?"

"గుంతకల్లుకు. మా మరదలికి ఒంట్లో బాగలేదు."

"అయ్యో. ఎలక్షన్లు అయినాక పోదువులే. అందరూ పోతే ఇల్లు ఎవరు సూసుకుంటారు?" అంటూ వంగి, మీ అవ్వ ఒడిలోని మూట తీసి చంకన పెట్టుకున్నాడు. "పాండి, జీపుండాది. బస్సు ఛార్జీలు దండగ."

ఆదివారం గుడిలో మోకరించాను. ప్రార్థన సగంలోనే లేచి వచ్చేశాను.

నా పని నీకు తెలుసు. నాపరాయి గనిలో పైన ఉండే పనికిరాని బండను మందు పెట్టి పగలగొట్టాలి. మందు కూరేది, వత్తి ముట్టించేది నేను. ఎర్రగుడ్డ ఎత్తి అందరినీ దూరం పొమ్మని కేకలు వేసేది నేను. నాకు ఆ పని నేర్పింది అలీ అహ్మద్ అని ముసలాయన. ఒకసారి ఆయన గుంతలో ఇరుక్కుపోతే పక్కనే మందు పేలింది. ఒంటి మీద గీత పడలేదు. రెండు చెవులూ పోయాయి. సోమవారం మందు కూరుతుంటే ఆయన గుర్తుకు వచ్చాడు. నా చేతిలో గూటం అలాగే ఆగిపోయింది.

సాయంత్రం పొద్దు ఉండగానే ఇంటికి వచ్చి సరోజమ్మకు చెప్పాను. పాలయ్య రోడ్డు మీద ఉన్నాడు. వాడి గొంతు లోపలికి వినిపిస్తోంది. అవ్వ వచ్చె, పాస్టరయ్య వచ్చె.

ఆమె తన రెండు చెవులూ తడుముకుంది. తర్వాత, "రెండూ పోతాయా?" అంది.

"రెండూ పోవాల."

"ఒకటన్నా మిగలబెట్టకూడదా?"

"ఒకటి మిగిలితే చాలు వాండ్లకు."

"పానానికి?"

"ఏమో సరోజా. బండ అడ్డముంటే రాళ్ళు తగలవు. నేనూ పక్కనే ఉంటా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు కావాలని చేసినావని తెలిస్తే మద్దిలేటి ముగ్గురినీ బతకనీడు," అంది. "నేను పంపినానని చెప్పు. నాకు మోకాళ్ళు నొప్పి, వాని చేతికి సద్ది ఇచ్చి ఒంటిగా పంపినా. వాడు కేకలు ఇనుకోకుండా ఎనక పక్క నుంచి గుంతలోకి దిగినాడు. ఎవరడిగినా అంతే."

"ఊరు నిన్ను తిడుతుంది."

"తిట్టనీ."

మంగళవారం మధ్యాహ్నం పనివాళ్ళందరూ సద్దులు విప్పుకుని దూరంగా చెట్టు కిందకు పోయారు. నేను ఇంటి దాకా పోయి పాలయ్యను వెంటబెట్టుకొచ్చాను, వాడు సద్ది గిన్నె ఊపుకుంటూ నడిచాడు. ఎవరికీ కనిపించకుండా వెనక పక్క నుంచే వాడిని గుంతలోకి దించాను. అంత లోపలికి వాడిని ఎప్పుడూ రానివ్వలేదు, అందుకే వాడికి సంబరం. పెద్ద బండ వెనక కూర్చోబెట్టాను. రాళ్ళకు ఆ బండ అడ్డం. చప్పుడుకు అడ్డం కాదు. ఎర్రగుడ్డ ఎత్తలేదు. కేక వేయలేదు. వత్తి ముట్టించి వచ్చి వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

వత్తి పొగ వాడికి తెలుసు. పొగ చూస్తే చెవులు మూసుకోవాలని చిన్నప్పుడు నేనే నేర్పాను, పదిసార్లు కాదు, నూరుసార్లు నేర్పాను. వాడు చేతులు ఎత్తాడు. నేను రెండు మణికట్లూ పట్టుకుని కిందికి దించాను. ఆట అనుకుని నవ్వాడు. తర్వాత గుంజుకోబోయాడు. నేను వదల్లేదు.

"నాయనా, చెవులు," అన్నాడు.

వాడు విన్న చివరి మాట అదే. వాడి గొంతే. నేను ఏదో ఒకటి అని ఉండాల్సింది. పేరు పెట్టి పిలిచి ఉన్నా సరిపోయేది. ఇరవై ఆరేళ్ళుగా దాని గురించే ఆలోచిస్తున్నాను.

బుధవారం మద్దిలేటి ఆస్పత్రికి వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. నాకు కుడి చెవి ఒక్కటే పోయింది. పాలయ్య రెండు చెవులకూ గుడ్డలు కట్టి ఉన్నాయి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మద్దిలేటి ఏమీ అడగకుండా మంచం వెనక్కి పోయి, బల్ల మీద ఉన్న స్టీలు కంచం తీసి నేలకేసి కొట్టాడు. వార్డులో అందరూ ఉలిక్కిపడ్డారు. పక్క మంచం మీది పసిబిడ్డ ఏడుపు అందుకుంది. పాలయ్య గోడ మీద పగులును వేలితో గీస్తూనే ఉన్నాడు.

"రెండూనా?" అన్నాడు మద్దిలేటి.

"రెండూ," అన్నాను. "డాక్టరు రాసిచ్చినాడు."

"ఎట్లయింది మామా?"

సరోజమ్మ ముందే అందుకుంది. "నేనే పంపినానప్పా. సద్ది ఇచ్చి పంపినా. నా కర్మ."

"ఇన్నేండ్లూ సద్ది నువ్వే తీసకపోతివి గదమ్మా. నిన్ననే ఎందుకు పంపినావు?"

"మోకాళ్ళు నొప్పప్పా. లేయలేకపోతి."

మద్దిలేటి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఒక బత్తాయి తీసి, తొక్క ఒకే చుట్టుగా ఒలిచి, తొనలు పాలయ్య చేతిలో పెట్టాడు. "దేవపాలు మామా," అన్నాడు నన్ను చూడకుండా. "మందు కూరేది నువ్వు. వత్తి ముట్టించేది నువ్వు. ఎర్రగుడ్డ ఎత్తేది నువ్వు."

సరోజమ్మ చెయ్యి నా చొక్కా అంచును పట్టుకుని ఉంది.

"జాగ్రత్తగా ఉండాల గదా," అని లేచి వెళ్ళిపోయాడు.

తెలిసే వదిలేశాడా, తెలియకనే పోయాడా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు, ఎవరో మద్దిలేటిని జమ్మలమడుగు రోడ్డులో చంపేదాకా, ఆ జీపు మన ఇంటి ముందు ఆగినప్పుడల్లా సరోజమ్మ కొడుకును లోపలికి లాక్కుని తలుపు వేసేది. ఆ బేస్తవారం మూడు సుమోలు మోరీ దాటి పోయాయి. గట్టు మీద ఎవరూ లేరు. బస్సు పాసు రాలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

అదే బేస్తవారం మీ అమ్మ ఆస్పత్రికి వచ్చింది, నిన్ను చంకనేసుకుని, పులివెందుల మీదుగా రెండు బస్సులు మారి. పాలయ్య దాన్ని చూసి లేచి కూర్చున్నాడు. అన్నమ్మ వాళ్ళమ్మ మీద విరుచుకుపడింది.

"బుద్ధి లేనోన్ని గనికాడికి ఒంటిగా పంపిస్తావా? నీకు బుద్ధుండాదా? నీ మోకాళ్ళకు ఒక దినం ఓర్చుకోలేకపోతివా? నేను చిన్నప్పటి నుంచి వాని చెయ్యి పట్టుకోకుండా రోడ్డు దాటించలేదు. నువ్వు కన్నతల్లివి."

సరోజమ్మ తల దించుకుని నిలబడింది. నేను కిటికీ వైపు తిరిగాను. ఆ సమయంలో పాలయ్యను చూశాను. చెల్లెలి పెదవులు కదులుతున్నాయి, మొహం ఎర్రబడింది, గొంతు మాత్రం రావడం లేదు. తన మీదే కోపమని, అందుకే పలకడం లేదని అనుకున్నాడు. గుడ్డల మీదనే రెండు చెవులూ పట్టుకుని, బళ్ళో పిల్లలు చేసినట్టు, "తప్పు, తప్పు" అన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎవరు పెదవులు కదిపినా అట్లే చేసేవాడు. రోడ్డు మీదికి పోవడం మానేశాడు. బండ్లు కూడా వాడితో మాట్లాడడం లేదు కదా.

మీ అమ్మకు అప్పుడు చెప్పలేకపోయాం. మీ నాయన వాళ్ళంతా అవతలాయన మనుషులు. ఒక్క మాట జారితే ఊరు దాటి ఊరు పోయేది. మద్దిలేటి పోయాక చెబుదామన్నాను. సరోజమ్మ ఒప్పుకోలేదు. "ఆ పిల్లకు నా మీద కోపముంటే పోనీ. నీ మీద ఉండాది గదా పేమ, దాంతోనే వాన్ని సూస్తాంది. అది కూడా పోతే మన తర్వాత వానికి ఎవరుంటారు?" అంది. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తనివ్వలేదు.

పదిహేనేళ్ళు మీ అమ్మ మా ఇంట్లో వాళ్ళమ్మ చేతి ముద్ద తినలేదు. అన్న కోసం వచ్చేది, వాడికి గడ్డం గీసి, గోళ్ళు తీసి, వసారాలోనే కూర్చుని పోయేది. సరోజమ్మ తలుపు సందులోంచి చూసేది. ఆమె పోయినప్పుడు సమాధి దగ్గర అందరూ తలా పిడికెడు మన్ను వేశారు. అన్నమ్మ వేయలేదు. ఆ ఏడే కువైట్ పోయింది.

"ఇప్పుడు రెడ్డి లేడు. మద్దిలేటి లేడు. అవతలాయన కూడా మంచం మీదనే, ముసిలితనంతో పోయినాడు. నాకు ఎనభై దాటినాయి. మొన్న మీ అమ్మ ఫోన్లో ఏమన్నాదో నువ్వు ఇన్నావు గదా. క్రిస్మస్‌కు వచ్చేస్తా, అన్నను మా ఇంటికి తీసుకపోతా, కానీ అమ్మ పటం మాత్రం ఆ ఇంట్లో పెట్టను అన్నాది. వాడు ఆ పటం తలకాడ లేకుండా పండుకోడు పాపా. పటం లేకపోతే అమ్మ కూడా అలిగి పాయనుకుంటాడు.

శుక్రవారం మీ అమ్మకు సెలవు. ఫోన్ చేసి ఇదంతా సదివి వినిపించు. నేను చెప్తే నడుమ ఆగిపోతా, అందుకే రాయిస్తాండా. ఆ పిల్ల ఏడ్చినా ఆపొద్దు. ఫోన్ పెట్టేస్తే మళ్ళా చెయ్యి. సరోజమ్మ పంపలేదని, నేనే తీసకపోయినానని, వాని చేతులు నేనే పట్టుకున్నానని రాసినావు సూడు, ఆ మాటలకాడ గొంతు తగ్గించొద్దు దీవెనా. గట్టిగా సదువు."